మతిమరుపు భయంతో వెళ్ళి, కుర్చీలోంచి లేవడం నేర్చుకున్న ఏడాది

2024 ఆగస్టు నుంచి 2025 ఆగస్టు దాకా నేను వృద్ధుల వైద్యంలో ప్రత్యేక శిక్షణ పొందిన ఒక డాక్టరు గారి పర్యవేక్షణలో, వ్యాయామమూ జ్ఞాపకశక్తి శిక్షణా రెండూ కలిపిన కార్యక్రమంలో ఉన్నాను. మాది విజయవాడ, నాకిప్పుడు 65 ఏళ్ళు. తెలిసినవాళ్ళు కనబడితే చాలు, "పజిల్స్ చేయిస్తారటగా, వాటితో మతిమరుపు తగ్గుతుందా?" అని అడుగుతున్నారు. ఒక్క మాటలో చెప్పగలిగిన జవాబు నా దగ్గర లేదు కాబట్టి, తేదీలూ ఖర్చులూ రాసుకున్న నోటుపుస్తకం ముందు పెట్టుకుని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నా ఉద్యోగం సంగతి ముందు చెప్పాలి, ఎందుకంటే నా భయానికి సగం కారణం అదే. 1981లో టెలిఫోన్ ఆపరేటరుగా చేరాను. ఆర్డినరీ, అర్జెంటు, లైట్నింగ్ అని ట్రంకు కాల్స్ బుక్ చేసే రోజులవి. వ్యాపారుల నంబర్లు, ఆసుపత్రుల నంబర్లు, ఆఫీసుల నంబర్లు డైరెక్టరీ తెరవకుండానే చెప్పేదాన్ని. ఎస్టీడీ వచ్చాక గుంటూరు 0863, ఏలూరు 08812, మచిలీపట్నం 08672 అంటూ కోడ్‌లన్నీ కంఠతా వచ్చేశాయి, ఇప్పటికీ వస్తాయి. 2020 జనవరి 31న బీఎస్ఎన్ఎల్‌లో 78 వేల మందికి పైగా ఒకేసారి స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకున్నప్పుడు నేనూ వాళ్ళలో ఉన్నాను. అంతకాలం జ్ఞాపకశక్తి మీదే బతికిన నాకు, 2024 మే నెలలో గుడివాడలో ఒక పెళ్ళిలో, మా తోటికోడలి కూతురి పేరు ఎంత వెతుక్కున్నా నోటికి రాలేదు. అంతకుముందు కూడా అటువంటివి జరిగాయి గానీ ఆ రోజు ఆ పిల్ల ముఖం చూశాక మనసు చెదిరిపోయింది. మా అమ్మ చివరి నాలుగేళ్ళు మమ్మల్ని ఎవరినీ గుర్తుపట్టలేదు. నాకూ అదే మొదలైందన్న భయంతో నెలరోజులు సరిగా నిద్రపోలేదు, ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

జులై 8న ఫోన్ చేస్తే అపాయింట్‌మెంట్ ఆగస్టు 1కి దొరికింది. ఆ మూడు వారాల పైచిలుకు నిరీక్షణ మొత్తం అనుభవంలోకెల్లా కష్టమైన భాగం. హైదరాబాదులో ఉన్న మా అబ్బాయి "ముందు ఎంఆర్ఐ తీయించుకోమ్మా" అని పట్టుబట్టాడు. డాక్టరు గారు చూడకుండా తీయించుకోవడం నాకిష్టం లేక ఆగాను. ఆ ఖర్చు మిగిలింది కూడా.

ఆగస్టు 1న రుసుము 800 రూపాయలు కట్టి లోపలికి వెళ్తే దాదాపు గంటసేపు కూర్చోబెట్టారు. డాక్టరు గారు నాతో మాట్లాడిన తర్వాత నన్ను బయటికి పంపి మావారితో విడిగా మాట్లాడారు. మాట మర్చిపోతున్నానా, డబ్బు లెక్క తప్పుతున్నానా, తెలిసిన దారిలో తికమకపడుతున్నానా, వంటలో వరస మారుతోందా అని ఆయన్ని అడిగారట. నేను వేసుకునే మాత్రలన్నీ బల్ల మీద పెట్టించి ఒక్కొక్కటే చూశారు. పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ కొలిచారు. గత ఏడాదిలో ఎప్పుడైనా పడ్డారా అని అడిగితే లేదన్నాను. కాలు జారడం కూడా లెక్కేనని చెప్పాక, ఫిబ్రవరిలో స్నానాలగదిలో జారి గోడ పట్టుకుని కూలబడిన సంగతి బయటికి వచ్చింది. డాక్టరు గారు మిగతా అన్నిటికంటే ఆ ఒక్క విషయమే ఎక్కువసేపు రాసుకోవడం నాకు వింతగా తోచింది. నేను వచ్చింది తల గురించి, ఆయన చూస్తున్నది నా కాళ్ళు.

ఎంఆర్ఐ అప్పుడే అక్కర్లేదన్నారు. థైరాయిడ్, బీ12, చక్కెర, విటమిన్ డి పరీక్షలు రాశారు, వాటికి 2,900 రూపాయలైంది. ఎముకల సాంద్రత పరీక్షకు 2,800. వీటితోపాటు చెవుల పరీక్ష, మానసిక నిపుణురాలి దగ్గర జ్ఞాపకశక్తి పరీక్ష, ఫిజియోథెరపిస్టు దగ్గర బలం కొలిచే పరీక్ష చేయించుకుని అన్ని కాగితాలూ తీసుకుని రమ్మన్నారు. రక్తపరీక్షలో బీ12 168 వచ్చింది. 200 పైన ఉండాలి. మేము మాంసం, గుడ్డు ముట్టని వాళ్ళం కాబట్టి ఇది చాలామందిలో చూసేదేనని చెప్పి మొదట ఇంజెక్షన్లు, తర్వాత మాత్రలు ఇచ్చారు.

జ్ఞాపకశక్తి పరీక్ష ఆగస్టు 7న జరిగింది. ప్రశ్నలన్నీ తెలుగులోనే ఉన్నాయి. గడియారం బొమ్మ గీసి చెప్పిన సమయానికి ముళ్ళు పెట్టమన్నారు. నూరులోంచి ఏడు చొప్పున తీసేస్తూ పొమ్మన్నారు. నిమిషంలో ఎన్ని జంతువుల పేర్లు వస్తే అన్ని చెప్పమన్నారు. ఒక పేరూ చిరునామా విని తిరిగి చెప్పమని, ఆ తర్వాత ఎన్నో వేరే పనులు చేయించి, ఆ చిరునామా మళ్ళీ అడిగారు. ఊరి పేరు వచ్చింది, వీధి రాలేదు. ఆ క్షణంలో అరచేతులు తడిసిపోయాయి. ఎదురుగా ఉన్న అమ్మాయి ముఖంలో ఏ భావమూ కనబడనివ్వదు, తప్పో ఒప్పో చెప్పదు. అది వాళ్ళ పద్ధతి అని తర్వాత తెలిసింది గానీ అప్పుడు మాత్రం కోర్టు బోనులో నిలబడినట్టు ఉంది. మొత్తం గంటన్నర, 2,500 రూపాయలు. నూటికి 86 వచ్చింది. నా వయసుకూ చదువుకూ జబ్బు అని చెప్పదగింది ఏమీ లేదనీ, కొత్తగా విన్నదాన్ని పట్టుకోవడంలో మాత్రం కొంచెం వెనకబడ్డాననీ, ఏడాది తర్వాత మళ్ళీ చూడాలనీ చెప్పారు. ఇంటికి వచ్చి తలుపు వేసుకుని ఏడ్చాను. అది సంతోషమో బెంగో నాకే తెలియలేదు.

ఆగస్టు 9న చెవుల పరీక్ష. చప్పుడు చొరబడని గదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి, శబ్దం వినబడినప్పుడల్లా బొత్తాం నొక్కమన్నారు. జీవితమంతా చెవికి హెడ్‌సెట్టు పెట్టుకుని గడిపిన దాన్ని కాబట్టి ధీమాగానే కూర్చున్నాను. రెండు చెవుల్లోనూ కీచుగా ఉండే సన్నని శబ్దాలు వినడం బాగా తగ్గిపోయిందని తేలింది. 'స', 'శ', 'ఫ' వంటి అక్షరాలు నాకు సరిగా అందడం లేదట. మనిషి మాట్లాడుతున్నట్టు తెలుస్తుంది, ఏ మాటో స్పష్టం కాదు, ఆ ఖాళీని మెదడు ఊహతో పూరించుకుంటూ పోతుంది. పేరు చెప్పినప్పుడు సరిగా వినకపోతే అది గుర్తు ఉండే అవకాశమే లేదు. డాక్టరు గారు ఈ కాగితం చూసి, 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక నియమించిన నిపుణుల సంఘం మతిమరుపు జబ్బుకు (డిమెన్షియాకు) తగ్గించుకోదగిన కారణాలుగా చెప్పిన పద్నాలుగింటిలో వినికిడి లోపం ఒకటనీ, నా విషయంలో ముందు సరిచేయవలసింది అదేననీ అన్నారు.

బలం కొలిచే పరీక్ష ఆగస్టు 12న. ఒక పిడి చేతికిచ్చి శక్తికొద్దీ నొక్కమన్నారు: 15 కిలోలు. ఆసియా దేశాల ఆడవాళ్ళకు 18 కన్నా తక్కువైతే కండ బలహీనంగా ఉన్నట్టే లెక్క. చేతులు గుండెల మీద కట్టుకుని కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోవడానికి 16 సెకన్లు పట్టింది, 12లోపు అయిపోవాలి. ఒంటికాలి మీద నాలుగు సెకన్లు నిలబడ్డాను. కొంతకాలంగా పచ్చడి జాడీ మూత మావారి చేత తీయిస్తున్నాననీ, సోఫాలోంచి లేచేటప్పుడు రెండు చేతులూ ఆనిస్తున్నాననీ అప్పుడు గుర్తుకు వచ్చింది. ఇవేవీ నేను ఎప్పుడూ ఎవరికీ జబ్బుగా చెప్పుకోలేదు.

"పొద్దున లేచిన దగ్గర్నుంచి ఇంట్లో తిరుగుతూనే ఉంటాను కదమ్మా, అది వ్యాయామం కాదా?" అని ఫిజియోథెరపిస్టును అడిగాను. మా వయసు ఆడవాళ్ళందరం అనే మాటే ఇది. ఆ అమ్మాయి ఓపిగ్గా చెప్పింది: ఇంటిపని ఒంటిని కదిలిస్తుంది, అలసట కూడా తెస్తుంది, కానీ కండరం తనకు అలవాటైనదానికి మించిన బరువును వారానికి రెండు మూడుసార్లు ఎదుర్కొంటేనే బలపడుతుంది, వంటింట్లో ఆ బరువు రాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో 65 ఏళ్ళు దాటినవాళ్ళకు చెప్పిన లెక్క ప్రకారం వారానికి కనీసం 150 నిమిషాల వేగపు నడక, రెండు రోజులు కండరాల బలానికి, మూడు రోజులు నిలకడకు కేటాయించాలి. నా కార్యక్రమం కూడా ఆ లెక్కమీదే కట్టారు.

ఆగస్టు 19, శ్రావణ పౌర్ణమి నాడు తరగతి మొదలైంది. సోమ, బుధ, శుక్రవారాలు ఉదయం ఏడింటికి, మా కాలనీకి దగ్గర్లోని కమ్యూనిటీ హాల్లో. నెలకు 1,800 రూపాయలు. చీరతో కుదరదని మొదటి రోజే తేలిపోయింది, పంజాబీ డ్రెస్సు వేసుకుని వెళ్ళడం నాకు కొత్త. మడమ గట్టిగా ఉన్న బూట్లకు 3,200, రబ్బరు బ్యాండ్లకు 700 అయింది.

చేయించినవి చూడటానికి చాలా చిన్న పనులు. కుర్చీలోంచి చేతి సాయం లేకుండా నెమ్మదిగా లేచి, అంతకంటే నెమ్మదిగా కూర్చోవడం. కుర్చీ వీపు పట్టుకుని మడమలెత్తి నిలబడటం. గోడకు చేతులు ఆనించి తోయడం. బ్యాండును పాదాల కింద వేసి పైకి లాగడం. ఒక మెట్టు ఎక్కి దిగడం. ఒక పాదం మడమకు మరో పాదం వేళ్ళు తాకేలా గీత మీద నడవడం. ఇందులో అసలు కిటుకు కూర్చోవడంలో ఉంది. దబ్బున కూలబడకుండా నాలుగు అంకెలు లెక్కపెట్టేదాకా ఆగి ఆగి కిందికి రావాలి, తొడలు వణుకుతాయి. తరగతి జరిగిన రోజు ఏమీ అనిపించదు. మర్నాడు కాస్త పట్టేస్తుంది. మూడో రోజు మరుగుదొడ్డిలో కూర్చుని లేవడం కూడా కష్టమవుతుంది. ఈ సంగతి ముందుగా చెప్పి ఉంటే బాగుండేది, ఎందుకంటే మాతో చేరినవాళ్ళలో ఇద్దరు మోకాళ్ళు చెడిపోయాయని భయపడి మొదటి వారంలోనే మానేశారు. నొప్పి కండలో ఉంటే మామూలే, కీలులో పొడిచినట్టు ఉంటే ఆపి చెప్పాలని మాకు రెండో వారంలో వివరించారు.

నడక సాయంత్రం పూట బందరు రోడ్డులోని ఇందిరాగాంధీ స్టేడియంలో. నడుస్తూ మాట్లాడగలగాలి గానీ పాట పాడలేనంత ఆయాసం ఉండాలి, అదీ వేగానికి కొలత. మా జట్టులో ఇద్దరు ముగ్గురు అంతసేపూ తీరిగ్గా కబుర్లు చెప్పుకుంటూ నడిచేవారు. అది నడకే గానీ ఈ లెక్కలోకి రాదని మాకు పదేపదే గుర్తుచేయవలసి వచ్చేది.

తిండి సంగతి కూడా ఇక్కడే చెప్తాను. ఒంటి బరువు ప్రతి కిలోకూ రోజుకు ఒకటి నుంచి 1.2 గ్రాముల మాంసకృత్తులు అందాలన్నారు. నేను 62 కిలోలు. పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం అన్నంలో పలుచని పప్పు, చారు, మజ్జిగ, రాత్రి మళ్ళీ అన్నం: లెక్కవేస్తే కావలసినదాంట్లో సగం కొంచెం దాటింది. పప్పు గట్టిగా వండటం, గుగ్గిళ్ళు, పెరుగు, పనీరు, పెసరట్టు పెంచడం, అన్నం తగ్గించడం మొదలుపెట్టాను. ఇంట్లో ఎవరికీ మొదట నచ్చలేదు.

తరగతి సరిగ్గా గాడిలో పడుతున్నప్పుడు సెప్టెంబరు 1న బుడమేరు పొంగింది. మాకు చెప్పే ఫిజియోథెరపిస్టు అమ్మాయి ఇల్లు సింగ్‌నగర్‌లో ఉంది, మొదటి అంతస్తు దాకా నీళ్ళు వచ్చాయి, రెండు రోజులు ఫోన్ కూడా అందలేదు. మా ప్రాంతానికి నీళ్ళు రాలేదు. తరగతిలో ఉన్నవాళ్ళందరి క్షేమసమాచారాలు కనుక్కునే పని నాకు నేనే తీసుకున్నాను, పాత ఆపరేటరును కదా. మూడు వారాల దాకా హాలు తెరవలేదు, అక్కడ భోజనం పొట్లాలు కట్టారు. మళ్ళీ మొదలైనప్పుడు అందరికీ ఒక మెట్టు కిందినుంచే మొదలుపెట్టించారు. రెండు వారాలు చేసింది అంత తొందరగా జారిపోవడం చూస్తే ఉసూరుమనిపించింది.

వినికిడి యంత్రాలు సెప్టెంబరు నెలాఖరులో వచ్చాయి. పరీక్షకు 900, జతకు 54,000 రూపాయలు. కొనేముందు వారంపాటు ఇంట్లో వాడి చూడనిచ్చారు, ఆ అవకాశం తప్పకుండా అడిగి తీసుకోండి. మొదటి పదిహేను రోజులు నరకం. కుక్కరు విజిల్, గిన్నెలు తోమే చప్పుడు, ప్లాస్టిక్ సంచి నలిగే చప్పుడు, ఫ్యాను, మావారు పేపరు తిప్పడం, అన్నీ ఒకే మోతలో మీద పడతాయి. మూడుసార్లు శబ్దం సర్దించుకోవలసి వచ్చింది. సెల్లు వారానికొకటి మార్చాలి. చిన్న బిళ్ళ సెల్లు మీద అంటించిన కాగితం తీశాక ఒక నిమిషం గాలి తగలనిచ్చి పెడితే ఎక్కువ రోజులు వస్తుందని దుకాణంలో ఎవరూ చెప్పలేదు, తరగతిలో ఒక పెద్దాయన చెప్పారు. నవంబరు నాటికి టీవీ వార్తలు శబ్దం పెంచకుండా వినగలిగాను. "ఏమిటీ?" అని మళ్ళీ మళ్ళీ అడగడం తగ్గింది. చుట్టూ ఉన్నవాళ్ళు నా మతిమరుపు నయమవుతోందని అనుకోవడం కూడా సరిగ్గా అప్పుడే మొదలైంది.

ఇక మానసిక శిక్షణ. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మంగళ, గురువారాలు టాబ్లెట్ మీద ఆటలు, మూడు నెలలకు 6,000 రూపాయలు. తెర మధ్యలో ఒక బొమ్మ, అంచున మరో బొమ్మ లిప్తపాటు మెరిసి మాయమవుతాయి. రెండూ ఏమిటో, ఎక్కడ కనిపించాయో చెప్పాలి. సరిగా చెప్తే వేగం పెరుగుతుంది. ఇంకొకటి, శబ్దాల వరస విని తిరిగి చెప్పడం. సూచనలన్నీ ఇంగ్లీషులోనే. నాకు ఇబ్బంది లేకపోయినా, పక్కన కూర్చున్న 70 ఏళ్ళావిడ, వంటమనిషి, ఇంగ్లీషు రాక ప్రతి ఆటకూ ఎవరినో పిలవవలసి వచ్చేది. వారం వారం నా మార్కులు పెరుగుతూ పోయాయి. నవంబరు చివరికి మొదట వచ్చినదానికి రెట్టింపు వచ్చింది. అయినా కూరగాయల బజారులో ఎదురైన పాత సహోద్యోగిని పేరు నోటికి రాలేదు.

డిసెంబరులో డాక్టరు గారిని దీని గురించే అడిగాను. అమెరికాలో 1998లో మొదలైన యాక్టివ్ అనే పెద్ద పరిశోధనలో 65 ఏళ్ళు దాటిన 2,832 మందికి జ్ఞాపకశక్తి, తర్కం, చూపు వేగం వేరువేరుగా నేర్పితే, ఎవరికి ఏది నేర్పారో అందులోనే మెరుగయ్యారట, పక్కదానికి పెద్దగా పాకలేదట. అందుచేత ఆటలో మార్కులు చూసి సంబరపడవద్దని, నాకు ఏది అవసరమో అదే సాధన చేయాలని చెప్పారు. నాకు అవసరమైంది పేర్లు. మానసిక నిపుణురాలు పద్ధతి మార్చారు: కొత్త పేరు వినగానే ఆ మనిషినే పేరుతో పిలిచి పలకరించడం, ఒక నిమిషానికి మనసులో గుర్తు చేసుకోవడం, ఐదు నిమిషాలకు మళ్ళీ, అరగంటకు మళ్ళీ, రాత్రి పడుకోబోయే ముందు నోటుపుస్తకంలో చూడకుండా రాయడం. దీనికి టాబ్లెట్ అక్కర్లేదు, రూపాయి ఖర్చు లేదు. సిగ్గు వదులుకోవాలి, అంతే. "మీ పేరు ఇంకొకసారి చెప్తారా?" అని అడగడానికి నాకు నెల పట్టింది.

జనవరి నుంచి వ్యాయామ తరగతిలోనే మరో పని కలిపారు: కాళ్ళూ తలా ఒకేసారి పనిచేయించడం. మొదట గీత మీద నడుస్తూ ఏవైనా వరసగా చెప్పమంటే నేను ఎస్టీడీ కోడ్‌లు అప్పజెప్పాను, ఒక్క అడుగూ తడబడలేదు. అది కుదరదన్నారు, నలభై ఏళ్ళుగా వచ్చిన దానికి తల కష్టపడనే పడదు. నూరులోంచి మూడేసి తీసేస్తూ నడవమన్నారు. 91 దగ్గరికి వచ్చేసరికి నోరు ఆగిపోయింది, కాలూ ఆగిపోయింది. నడుస్తూ మాట్లాడవలసి వచ్చినప్పుడు ఆగిపోయేవాళ్ళు ఎక్కువగా పడతారట.

మా తరగతిలో పదవీ విరమణ చేసిన తెలుగు మేష్టారు ఒకరున్నారు. "ఇది మన అవధానంలో ఘంటాగణనమే కదండీ" అన్నారాయన. అవధాని పద్యం అల్లుతుండగా వెనక ఎవరో గంట కొడుతూ ఉంటారు, చివరికి ఎన్ని గంటలో చెప్పాలి. ఫిజియోథెరపిస్టు అమ్మాయికి ఆ ఊహ నచ్చి మాచేత అదే చేయించింది. మేము మెట్టు ఎక్కి దిగుతూ, మేష్టారు ఇచ్చిన అక్షరంతో మొదలయ్యే ఊళ్ళ పేర్లు చెప్తూ ఉంటే, ఒకరు మధ్యమధ్య స్టీలు గ్లాసు మీద చెంచాతో కొడతారు. ఆఖరున ఎన్ని దెబ్బలో చెప్పాలి. రైల్వేలో పనిచేసి వచ్చిన ఒక పెద్దాయన అప్రస్తుత ప్రసంగం తన వంతని చెప్పి, సరిగ్గా లెక్క మధ్యలో "మీ ఇంట్లో ఈ రోజు ఏం కూరండీ?" అని అడిగేవారు. నవ్వుతో లెక్క తప్పేది. టాబ్లెట్ ముందు అరగంట కూర్చోవడానికి నన్ను నేను ఈడ్చుకుని వెళ్ళేదాన్ని. ఈ తరగతికి మాత్రం వర్షం పడినా వెళ్ళాను.

ఫిబ్రవరి, మార్చి నెలలు నీరసంగా గడిచాయి. కొత్తగా ఏమీ మెరుగుపడుతున్నట్టు అనిపించదు, చేసినవే చేయాలి. మొదట చేరినవాళ్ళలో దాదాపు సగంమంది ఈ రెండు నెలల్లోనే మానేశారు. మనవల పరీక్షలు, ప్రయాణాలు, డబ్బు, ఎవరి కారణం వారిది. నేను ఉండిపోవడానికి పట్టుదల కన్నా, రాకపోతే ముగ్గురు ఫోన్ చేస్తారన్న మొహమాటమే ఎక్కువ పనిచేసింది. మే నెల ఎండలకు తరగతి ఉదయం ఆరింటికి మారింది. స్టేడియం నడక ఆపేసి, మా అపార్టుమెంటు మెట్లు నీడలో ఎక్కి దిగమన్నారు, వెంట నీళ్ళసీసా తప్పనిసరి. నాకు బీపీ మాత్ర ఉంది కాబట్టి ఎండాకాలంలో తల తిరుగుతుందేమో గమనించమన్నారు. ఒకసారి తిరిగింది, మాత్ర మోతాదు తగ్గించారు.

2025 ఆగస్టు మొదటి రెండు వారాల్లో పరీక్షలన్నీ మళ్ళీ చేశారు. పిడి బలం 15 నుంచి 19 కిలోలకు వచ్చింది. కుర్చీలోంచి ఐదుసార్లు లేవడం 16 సెకన్ల నుంచి 10కి తగ్గింది. ఒంటికాలి మీద 17 సెకన్లు నిలబడ్డాను. జ్ఞాపకశక్తి పరీక్షలో 86 బదులు 90 వచ్చింది. ఈసారి వీధి పేరు కూడా చెప్పాను. మానసిక నిపుణురాలు నా ఉత్సాహానికి కాస్త కళ్ళెం వేశారు: ఒకసారి రాసిన పరీక్షను మళ్ళీ రాస్తే ఒకటి రెండు మార్కులు వాటంతటవే పెరుగుతాయి, ప్రశ్నలు ఈసారి చెవికి స్పష్టంగా వినబడ్డాయి, బీ12 సరిపడా ఉంది, భయం తగ్గి నిద్ర కుదిరింది. వీటిలో దేని వాటా ఎంతో విడదీసి చెప్పే మార్గం లేదు. నాకూ అదే నిజమనిపిస్తుంది. కాళ్ళ బలం మాత్రం చాలావరకు వ్యాయామం వల్లనేనని నా నమ్మకం.

డాక్టరు గారు ఆ రోజు మరో సంగతి చెప్పారు. ఫిన్లాండ్‌లో 60 నుంచి 77 ఏళ్ళ మధ్య ఉన్న 1,260 మందితో ఫింగర్ అనే పరిశోధన రెండేళ్ళు నడిచింది. తిండి, వ్యాయామం, మానసిక శిక్షణ, బీపీ చక్కెరల అదుపు కలిపి చేయిస్తే మెదడు పనితీరు మెరుగైనట్టు 2015లో ప్రకటించారు. అదే దారిలో అమెరికాలో 2,111 మందితో చేసిన పాయింటర్ ఫలితాలు 2025 జులై నెలాఖరులోనే వచ్చాయి. అక్కడ ఒక జట్టును దగ్గరుండి తరచుగా కలుస్తూ చేయించారు, రెండో జట్టుకు సలహాలిచ్చి ఎవరికి వీలైనట్టు వాళ్ళను చేసుకోమన్నారు. రెండు జట్లూ మెరుగయ్యాయి, మొదటి జట్టు కొంచెం ఎక్కువ. తేడా మాత్రం పెద్దది కాదు. ఇవేవీ జబ్బు రానే రాదని హామీ ఇవ్వవని ఆయన స్పష్టంగా చెప్పారు. నేను మూడు భాషల్లో ఉద్యోగం చేశానని తెలిసి, హైదరాబాదు నిమ్స్‌లో 648 మంది రోగులను పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనాన్ని కూడా గుర్తుచేశారు: ఒకటికి మించి భాషలు మాట్లాడేవాళ్ళలో మతిమరుపు జబ్బు సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా బయటపడింది, చదువురాని వాళ్ళలో కూడా. అది జీవితమంతా మాట్లాడిన వాళ్ళ సంగతి గనుక, ఇప్పుడు కొత్త భాష నేర్చుకుంటే అంత లాభమని అర్థం చేసుకోవద్దన్నారు. మా అమ్మకు తెలుగు ఒక్కటే వచ్చు. ఆ మాట విన్నాక ఇంటికి వచ్చేదారిలో చాలాసేపు ఆమె గురించే ఆలోచించాను.

ఏడాదికి మొత్తం ఖర్చు లక్ష రూపాయలు కాస్త దాటింది. సగానికి పైగా వినికిడి యంత్రాలకే. మా ఆరోగ్య బీమా ఇందులో దేనికీ రూపాయి ఇవ్వలేదు. డబ్బు కుదరనివాళ్ళు ముందు చెవుల పరీక్ష, బీ12 పరీక్ష చేయించుకుని, గోడకు ఆనించిన గట్టి కుర్చీ ఒకటి పెట్టుకుని, ఫిజియోథెరపిస్టు దగ్గర ఒకటి రెండుసార్లు పద్ధతి నేర్చుకుని ఇంట్లోనే చేసుకోవచ్చు. టాబ్లెట్ ఆటలకు పెట్టిన 6,000 మాత్రం నేనైతే మళ్ళీ పెట్టను. గుండెజబ్బు ఉన్నవాళ్ళు, కంటి ఆపరేషను వంటివి అయినవాళ్ళు డాక్టరును అడగకుండా బరువులెత్తడం మొదలుపెట్టవద్దని మా తరగతిలో గట్టిగా చెప్పేవారు.

తరగతికి ఇప్పుడూ వెళ్తున్నాను. తర్వాతి పరీక్షలు 2026 ఆగస్టులో. ఈలోగా మావారు నేను చెప్పిన ప్రతిదానికీ "ఏమిటీ?" అంటున్నారు, టీవీ శబ్దం రోజురోజుకూ పెంచుతున్నారు, తన చెవులకేమీ కాలేదంటున్నారు. అక్టోబరు మొదటి వారానికి ఆయన పేరున చెవుల పరీక్షకు రాయించాను. రుసుము 900 ముందే కట్టించుకున్నారు, రాకపోతే తిరిగి ఇవ్వరట. డబ్బు పోతుందంటే ఆయన తప్పకుండా వస్తారు.